ఒక్క చెవికి రెండు పెట్టెలు

మోత్కూర్
4 జులై 2018

బావా, పిల్లగాడు నవ్వాడు!

నమస్కారాలు తర్వాత పెడతాను, ముందు ఈ మాట చదువు. నీ మేనల్లుడు శివకృష్ణ నిన్న పొద్దున అరుగు మీద కూర్చొని పళ్లు కనపడేలా నవ్వాడు. నీ చెల్లె బీరమ్మ చేతిలో చాట పట్టుకొని అట్లనే నిలబడిపోయింది. బియ్యం కోళ్లు తిన్నాయి. తిననీ!

పది నెలలైంది బావా. పోయినేడు వినాయకుని ఊరేగింపులో డీజే బండి మీద నిలబడ్డవాడికి కుడి చెవి ఎట్లా పోయిందో నీకు తెలిసిందే. ముందు డోలు లాంటి లావు మోత పోయి సన్న చప్పుడు మిగిలింది. మూడో రోజుకు అదీ పోయింది. హైదరాబాద్ చెవుల డాక్టరు ఏమన్నాడు? "ఆలస్యంగా తెచ్చారు. కుడిది ఇక రాదు. ఎడమదైనా కాపాడుకోండి, పెద్ద చప్పుడు దగ్గరకు పోనియ్యకండి" అన్నాడు. అప్పటి నుంచి వాడు గోడకు ముఖం పెట్టి పడుకోవడమే. ఇంట్లో ఫోన్లు మోగకుండా చేశాము. నన్నయితే ఇంట్లో ఫోన్ పట్టనియ్యరు. మూడు గుట్టల అవతలి గొర్రెను మలిపిన గొంతు నాది, మెల్లగా మాట్లాడటం నాకు రాదు. బయటి నుంచి చేద్దామన్నా నీకు ఫోనులో మాట సరిగా వినపడదు. అందుకే ఈ ఉత్తరం. ఏడో తరగతి దాకా చదివింది ఇప్పుడు పనికొచ్చింది.

నవ్వెందుకు వచ్చిందో చెప్పలేదు కదూ! భువనగిరి నుంచి బండిలో రెండు అట్ట డబ్బాలు వచ్చాయి. విప్పితే అన్నీ కోసిన పలకలు, ఒక్కో దాని మీద ఒక్కో నంబరు, గోధుమ రంగు కాగితం మూతి ఉన్న రెండు గుండ్రటి స్పీకర్లు. ఇంట్లోనే అతికించుకుంటే పాట పెట్టెలు అవుతాయట.

"ఒక్క చెవికి రెండు పెట్టెలెందుకురా?" అన్నాను నోరు జారి. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వాడు నన్ను చూసి, "ఒక్కటే పెడితే రెండో చెవి అలుగుతది నాయినా" అన్నాడు. అని నవ్వాడు! పదినెలల తర్వాత, వాడి చెవి మీద వాడే!

కానీ బావా, సంతోషం రాసిన చేతితోనే ఇదీ రాస్తున్నాను. ఇవి ఏం స్పీకర్లని అడిగితే "హారన్ స్పీకర్లు" అన్నాడు. నాకు తెలిసిన హారన్ నీ మైక్‌సెట్ హారనే, తాటిచెట్టుకు కడితే ఊరంతా లేచేది. మిగిలిన ఆ ఒక్క చెవి ముందు వాడు హారన్ పెట్టుకుంటాడా? నవ్వుతున్న పిల్లగాడిని వద్దని ఎట్లా అనను? నీకు హారన్ల సంగతి తెలుసు. నిజం రాయి. ఉత్తరం మా పక్కింటి కాటమయ్య పేరున పంపు, శివకృష్ణ కంట పడొద్దు.

నీ బావ
గుర్వయ్య


ఆలంపూర్
12 జులై 2018

గుర్వయ్య బావకు దశరథం రాయునది.

అల్లుడు నవ్వాడని చదివి మీ వదిన సోమమ్మకు వినిపించాను. "మీ బావ నాలుగు వాక్యాలు రాస్తే రెండు కోళ్ల మీదనే ఉంటాయి" అని తను కూడా నవ్వింది.

హారన్ సంగతి అడిగావు. ముప్పై ఎనిమిదేండ్లు మైక్‌సెట్ నడిపినవాడిని, నాకంటే ఎవడికి తెలుసు? ఒకసారి జాతరకు నాలుగు హారన్లు కట్టి స్విచ్ వేస్తే తుంగభద్ర అవతలి ఒడ్డున బర్రెలు తాళ్లు తెంచుకున్నాయి. ఆ ఊరివాళ్లు పడవేసుకొని కొట్లాటకు వచ్చారు. అదీ హారన్ అంటే!

దాని ముంగట చెవి పెట్టి బాగుపడినవాడిని నేను చూడలేదు బావా. నన్నే చూడు. సోమమ్మ ఉప్పు అడిగితే పప్పు డబ్బా ఇస్తాను. డబ్బాలో పెట్టినా, చెట్టుకు కట్టినా హారన్ హారనే. నీకు చేతనైతే ఆపు. చేతగాకపోతే దాని నోరు మూయి. పిల్లగానికి ఉన్నది ఒక్క చెవి.

చెల్లెను అడిగానని చెప్పు.

దశరథం


మోత్కూర్
27 జులై 2018

బావా,

నీ ఉత్తరం కాటమయ్య ఇంట్లోనే చదివాను. నీ బర్రెలు నా కళ్ల ముందు తాళ్లు తెంచుకుంటున్నాయి.

అయినా ఎట్లా ఆపను? వాడు పొద్దున లేవగానే మంచం వాల్చి పలకలు పరుస్తాడు. నంబర్లు చూసి ముందు జిగురు లేకుండా పేర్చుకుంటాడు, పెన్సిలుతో గీత గీస్తాడు, తర్వాత జిగురు రాస్తాడు. పలకలను బిగించే సామాను మన దగ్గర లేదు. నేనే గొర్ల తాళ్లు తెచ్చి ముడులు వేశాను, మీద రాళ్లు పెట్టాను. "నీ ముడి ఇనుప పట్టీ కంటె గట్టిగున్నదే నాయినా" అన్నాడు. నేను సంతోషపడ్డాను. అంతలోనే, నా ముడితోనే వాడి చెవికి ఉరి బిగిస్తున్నానా అనిపించింది. ఒకే పూటలో ఇట్లా ఎన్నిసార్లో.

లోపల పలకలన్నీ అడ్డం, నిలువు. నక్క బొక్క చూశావు కదా, అట్లా మలుపులు తిరిగి కింద పెద్ద నోరుగా తెరుచుకుంటుంది. ఇదేమిటని అడిగాను.

"గాలికి తొవ్వ నాయినా. స్పీకర్ ఎనుక పుట్టిన మోత గీ మలుపులల్ల నడుసుకుంట నడుసుకుంట పెద్దగై, కింద నోట్లకెళ్లి బయటకొస్తది. లావు మోతంతా గిండ్లకెళ్లే."

పెద్దగై వస్తుందట! వాడు మురిపెంగా చెబుతున్నాడు. కుడి చెవిని తిన్నది లావు మోతే కదా. అదే మోతను ఎనిమిదడుగుల తొవ్వలో మేపి మేపి వాడి ముందుకు తోలుకొస్తున్నాము.

మొన్న రెండు పెట్టెలకూ పక్క పలక ఒక్కటే మిగిలింది. అది పడితే లోపల ఇక కనపడదు. వాడు గరుకు కాగితం కోసం భువనగిరి పోయాడు. బీరమ్మ పొలంలో ఉంది. నేను చేయాల్సింది చేశాను. ఏం చేశావని అడగకు. వాడు రాగానే ఆలస్యమైతే జిగురు ఎండిపోతుందని తొందరపెట్టి, చివరి పలకలు నేనే పట్టుకొని అతికించాను. వాడు లోపలికి చూడలేదు.

ఇప్పుడు జర నిమ్మళంగా ఉంది. ఒక్కటే చిక్కు. నీ చెల్లె కొత్త గొంగడి కోసం దాచిన నల్ల ఉన్ని కనపడటం లేదని గంపలన్నీ బోర్లిస్తోంది. ఎలుకలు అంటున్నాను. "ఉన్ని తినే ఎలుకలు మన పెండ్లయిన కాడికెళ్లి ఎన్నడు రాలే, ఇప్పుడెట్ల వచ్చినయ్?" అంటోంది.

గుర్వయ్య


ఆలంపూర్
4 ఆగస్టు 2018

బావా,

ఏం చేశావు?

నీ ఉత్తరం చదివాక నాకు నా మాట మీదనే అనుమానం వచ్చింది. రేడియోలు బాగుచేసే దామోదర్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరకు పోయి పలకలు, మలుపులు, నోరు అన్నీ చెప్పాను. నా నెత్తి మీద మొట్టినంత పని చేశాడు. "దశరథమన్నా, నీ హారన్ వేరు, గా పెట్టె వేరు" అన్నాడు.

నా హారన్ దూరం పోవడానికి అరుస్తుంది. ఈ పెట్టె అరవడానికి కాదట. సన్న గొంతు, లావు గొంతు అన్నీ ఆ ఒక్క స్పీకరే పలుకుతుంది. కరెంటు చెంచాడు పోస్తే చాలు. ఇంట్లో మాట్లాడుకునేంత మెల్లగా పెట్టుకున్నా డోలు డోలులాగే వినిపించడానికే ఆ మలుపులు. చెవి మీద బరువు పడకుండా లావు మోత వినాలనే పిల్లగాడు వెతికి వెతికి దీన్ని తెప్పించుకున్నాడు. వాడు డాక్టరు మాట దాటలేదు బావా. తెలియకుండా వాగింది నేను.

ఇంకో మాట కూడా అన్నాడు దామోదర్. ఆ తొవ్వ ఖాళీగా ఉండాలట. లోపల ఏదైనా అడ్డం పడితే లావు మోత చచ్చిపోయి, పైపై సన్న గొంతే మిగులుతుందట.

నువ్వేం చేశావో ఉన్నదున్నట్టు రాయి. చెల్లె ఉన్ని ఎక్కడుంది?

దశరథం


మోత్కూర్
10 ఆగస్టు 2018

బావా,

నీ ఉత్తరం నాలుగు రోజులు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఆదివారం పెట్టెలు పాడాయి. శివకృష్ణ తలస్నానం చేసి, తెల్ల అంగీ వేసుకొని, రెండు పెట్టెల మధ్య పీట వేసుకొని కూర్చున్నాడు. ఫోనును చిన్న ఆంప్లిఫయర్‌కు తగిలించి ఒగ్గు కథ పెట్టాడు. మెల్లగానే పెట్టాడు బావా, వంటింట్లో ఉన్న బీరమ్మకు సరిగా వినపడనంత మెల్లగా. ఒగ్గాయన గొంతు వచ్చింది. తాళాలు వచ్చాయి. డోలు మొదలైంది. వాడి ముఖంలో వెలుగు అట్లనే ఆగిపోయింది. ముందుకు వంగాడు. తల తిప్పి ఎడమ చెవి పెట్టె నోటి దగ్గర పెట్టాడు. స్పీకర్ తీగలు విప్పి మళ్లీ కట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాయినా, డోలు లావు మోత నీకు ఇనపడ్తాందా?"

దేవుడు నా నోరు ఎందుకు పడగొట్టలేదో! నేను పట్టుబడతానని, "మంచిగ ఇనపడ్తాంది బిడ్డా, గుండెల మీద కొట్టినట్టే ఉన్నది" అన్నాను.

నిజానికి నాకు వినపడిందో లేదో నాకే తెలియదు. నేను వాడి ముఖమే చూస్తున్నాను.

"అయితే నాకే ఇనపడ్తలేదు" అన్నాడు. అంతే. ఫోను ఆపి, పెట్టెల మీద దుప్పటి కప్పాడు.

కుడి చెవి పోయినప్పుడు కూడా ముందు లావు మోతే పోయింది కదా. ఇప్పుడు ఎడమది కూడా అదే తొవ్వ పట్టిందని వాడు నమ్మాడు. లారీ పోతే, "గా మోత చెవికి ఇనపడ్డదా, కాళ్ల కింద అదిరిందా తెలుస్తలేదు" అన్నాడు. డాక్టరు దగ్గరకు పోదామంటే "కాయితం మీద రాయించుకొని ఏం చేస్త?" అని కదలడు.

రోజుకు ఆరేడుసార్లు తల్లి దగ్గరకు పోతాడు. "అమ్మా, నన్ను ఒక్కపారి పిలువు."

"ఎందుకురా, ముంగటనే ఉన్నవు గద?"

"ఊకె పిలువు."

ఆమె "శివయ్యా" అని పిలుస్తుంది. వాడు కళ్లు మూసుకొని వింటాడు. దాచుకుంటున్నాడు బావా. చెవి పూర్తిగా పోకముందే తల్లి గొంతును దాచుకుంటున్నాడు. నిన్న నన్ను కూడా అడిగాడు, గొర్లను మలిపే కూత వేయమని. వేశాను. నా గొంతు సగంలో పగిలింది. సాయంత్రం బావి గట్టున ఒక్కడే కూర్చున్నాడు. నీ చెల్లె నీళ్ల పని లేకపోయినా బిందె తీసుకొని వెనకాలే పోయింది. నేను గొర్ల కొట్టంలో నిలబడి చుట్టాలందరికీ ఫోన్ చేసి, రెండో చెవి కూడా పోతోందని ఏడ్చాను.

నువ్వు అడిగిన ఉన్ని ఎక్కడుందో ఇప్పటికి తెలిసే ఉంటుంది. "దాని నోరు మూయి" అని రాశావు. మూశాను. చేతిలో మంత్రమేం లేదు, ఉన్నది ఉన్ని. చలికి గొంగడి కప్పుకుంటే బయటి గాలి చప్పుడు వినపడదు కదా, అట్లనే అనుకున్నాను. ఒక్కో పెట్టెలో రెండు గొర్ల ఉన్ని, మలుపు మలుపులో కట్టెతో దట్టించాను.

చెప్పాలని రోజూ వాడి ముందుకు పోతున్నాను. తిడతాడని కాదు నా భయం. ఉన్ని తీశాక కూడా వినపడకపోతే? ఇప్పుడైతే తప్పు ఉన్నిది అని అనుకొని బతుకుతున్నాను. తీసిన తర్వాత ఆ ఒక్క ఆశ కూడా పోతే ఏం చేయను? బావా, నాకు చాలా భయంగా ఉంది.

గుర్వయ్య


ఆలంపూర్
14 ఆగస్టు 2018

బావా,

దీన్ని వేగంగా పోయే పోస్టులో వేస్తున్నాను. నోరు మూయమన్నది నేను. సగం తప్పు నాది, అది వాడికి చెప్పు.

కుడి చెవప్పుడు డాక్టరు ఆలస్యంగా తెచ్చారన్నాడు. అది మరిచిపోయావా? నిజంగానే ఎడమది పోతుంటే ప్రతి రోజూ విలువైనదే. పోకుంటే, బాగున్న చెవిని పెట్టుకొని పిల్లగాడు బావి గట్టు మీద కూర్చుంటున్నాడు. ఏది నిజమైనా ఆలస్యం చేస్తున్నది నువ్వే.

ఈ కాగితం మడవకు. చదివిన జాగా నుంచి అట్లనే లేచి పో.

దశరథం


మోత్కూర్
21 ఆగస్టు 2018

బావా, విన్నాడు! ఎడమ చెవి బాగుంది! డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు!

నీ ఉత్తరం మడవలేదు. చేతిలో పట్టుకొనే ఇంటికి పోయాను. వాడు మంచం మీద ఉన్నాడు. ఎడమ చెవి వైపు కూర్చొని, "బిడ్డా, నేను అబద్ధమాడిన. డోలు మోత నాకు ఇనపడలే. నేనే దాని నోరు మూసిన" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. దుప్పటి తీసి, పెట్టె నోట్లో చేయి పెట్టి గుంజాను. ఇంత నల్ల ఉన్ని వచ్చింది. ఇంకా గుంజాను, ఇంకా వచ్చింది. వాడు వచ్చి స్పీకర్ మరలు విప్పాడు. పై నుంచి వాడు, కింది నుంచి నేను. లోపలి మలుపులకు తీగ వంచి కొక్కెం చేశాము. మా ఇద్దరి మధ్య ఉన్ని కుప్ప పెరుగుతూ ఉంది.

బీరమ్మ వచ్చి చూసింది. "ఓరి నీ చేతులు పడిపోను! నా గొంగడి!" అంది. తర్వాత కొడుకు ముఖం చూసి ఉన్ని కుప్పను పక్కకు జరిపింది.

"పదకొండు దినాలు" అన్నాడు శివకృష్ణ. "పదకొండు దినాలు నేను చెవిటోన్నయిన అనుకున్న. నువ్వు చూసుకుంట కూసున్నవు."

నేను ఉన్ని గుంజుతూనే ఉన్నాను. నీ పేరు కూడా చెప్పలేదు. చెప్పి తప్పించుకున్నట్టు అవుతుందని.

స్పీకర్లు మళ్లీ బిగించాడు. బిగించి, ఫోను పట్టుకొని, నొక్కలేదు. "ఇప్పుడు గూడ ఇనపడకపోతే?" అన్నాడు. నా భయమే వాడి నోట్లో నుంచి వచ్చింది బావా. తండ్రీ కొడుకులం ఇద్దరం ఆ ఫోను వైపు పామును చూసినట్టు చూస్తున్నాము.

"మీరిద్దరు గిట్లనే భయపడుకుంట కూసోండ్రి. నాకు పొయ్యి మీద కూరున్నది" అని నీ చెల్లె ఫోను గుంజుకొని తనే నొక్కింది.

డోలు మోగింది. చిన్నగానే, ఇంట్లో మనిషి మాట్లాడినంతే. కానీ కడుపు నిండిన మోత. అప్పుడు తెలిసింది బావా, ఆ ఆదివారం నాకు నిజంగానే వినపడలేదని. శివకృష్ణ కళ్లు మూసుకున్నాడు. రెండు పాటలయ్యాక, "నాయినా, పాటకు పాటకు నడుమ ఒగ్గాయన ఊపిరి తీస్తాండు" అన్నాడు. అని ఏడ్చాడు. తర్వాత నన్ను తిట్టాడు. ఎన్ని తిట్టాడో రాయను, అన్నీ న్యాయమైనవే.

మరునాడు వాడే ముందు నడిచి హైదరాబాద్ పోయాము. ఎడమ చెవి పోయినేడు ఎట్లుందో ఇప్పుడూ అట్లనే ఉందన్నాడు డాక్టరు. పెరగదట, తగ్గకుండా చూసుకోవాలట. భయం పూర్తిగా పోయిందని నీకు అబద్ధం రాయను. ఇక ఒక్క అబద్ధం కూడా నాతో కాదు. గిన్నె కింద పడితే ఇప్పటికీ ముందు వాడి ముఖమే చూస్తాను.

శివకృష్ణ ఒక్క మాట మీద నన్ను మన్నించాడు. "ఎవలెవలకు నా చెవి పోయిందని ఏడ్చినవో, వాళ్లందరికి తెలవాలె. ఉన్ని సంగతి దాయొద్దు" అన్నాడు. ఇక్కడివాళ్లకు నేనే ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. నోరు మూయమన్నవాడివి కనుక అటువైపు వాళ్లను నీకు అప్పజెబుతున్నాను:

సోమమ్మ వదినకు. ఉత్తరాలన్నీ తను చదువుతుందని నాకు తెలుసు, అయినా మర్యాదకు చెప్పు.

మహబూబ్‌నగర్‌లో నా బిడ్డ నాగరాణికి. తమ్ముని కోసం శనివారాలు ఒక్కపొద్దు పట్టింది. కడుపు నిండా తినమను.

అల్లుడు వెంకటేశ్‌కు. నవ్వుతాడు. నవ్వనీ.

డీజే బండి నడిపే మా చిన్నాయన కొడుకు హనుమంతుకు. శివకృష్ణ మళ్లీ బండి ఎక్కబోడని కూడా ఆ మాటతోనే చెప్పు. గట్టిగా చెప్పు, వాడికీ చెవులు సరిగా లేవు.

మా మేనత్త బక్కమ్మకు. నాగరాణి ఇంటి వెనుక సందులోనే ఉంటుంది. నా ఏడుపు విన్న రోజు, పిల్లగానికి వినపడేదాకా పెట్టుకోనని చెవుల కమ్మలు తీసి జోగులాంబకు మొక్కిందట. అరవై ఏండ్లు తీయని కమ్మలు. చెవులు బోసిగా పెట్టుకొని వాకిట్లో కూర్చుంటోందట. బావా, అందరికంటే ముందు ఆమె దగ్గరకే పో.